మహారాజశ్రీ పోర్షే 944 గారి సముఖమునకు

1985 మోడల్ పోర్షే 944 గారికి నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. ఉభయ అన్నాను గానీ, కుశలమంతా మీ పక్కన నిలబెట్టిన ఏడో తరం ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ జీటీఐదే.

కోపమొచ్చినా సరే, లెక్కలు వినండి. మీ 2.5 లీటర్ల ఇంజనుకి 163 హార్స్‌పవర్. దానివి రెండు లీటర్లే, టర్బో పుణ్యమా అని 220. మీకంటే 170 కిలోలు బరువున్నా గంటకి 100 కిలోమీటర్ల వేగాన్ని ఆరున్నర సెకన్లలో అందుకుంటుంది. మీకు ఎనిమిది దాటుతుంది. పైగా దాని వెనక సీట్లో మనుషులు కూర్చోగలరు.

పరాయిదని చిన్నచూపు వద్దు. మీ అన్నగారు 924ను మొదట గీసింది ఫోక్స్‌వ్యాగన్ కోసమే. వాళ్లు వద్దనుకుంటే పోర్షే తీసుకుంది. మీ అన్నదమ్ములిద్దరూ పుట్టింది ఆడీ వారి నెకార్‌సుల్మ్ ఫ్యాక్టరీలో. మీ వణుకు తగ్గించే బ్యాలెన్స్ షాఫ్టుల పేటెంటు మిత్సుబిషీది. వంశగౌరవం ఊసెత్తకపోవడమే మేలు.

అసలు ఫిర్యాదు బెల్టు గురించి. పిస్టన్లకీ వాల్వులకీ తాళం తప్పకుండా చూసే మీ టైమింగ్ బెల్టు తెగితే పిస్టన్లు వాల్వులను గుద్దుతాయి, అవి వంగుతాయి, ఇంజను పైభాగమైన హెడ్ విప్పాల్సిందే. పక్కనున్న బ్యాలెన్స్ షాఫ్ట్ బెల్టు తెగి దీంట్లో ఇరుక్కున్నా అదే గతి. కారు షెడ్డులోనే ఉన్నా నాలుగైదేళ్లకోసారి రెండూ మార్చాలి, రోలర్లతో సహా. అంతటితో వదుల్తారా? కొత్త బెల్టు సాగుతుంది కాబట్టి ఓ 2,400 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ బిగువు చూడాలి. దానికో ప్రత్యేకమైన గేజ్. వేళ్లతో మెలితిప్పి "చాల్లే సార్" అనే మెకానిక్‌కి దూరం నుంచే దండం పెట్టాలి. వదులైతే పళ్లు జారతాయి, మరీ బిగిస్తే వాటర్ పంపు బేరింగు పోతుంది.

బరువు ముందూ వెనకా సమానంగా ఉండాలని గేర్‌బాక్సు వెనక పెట్టించుకున్నారు. మలుపుల్లో ఆ సుఖం నిజమే, ఒప్పుకుంటాను. గోల్ఫ్ ముక్కు బయటికి జారేచోట మీరు గీత గీసినట్టు తిరుగుతారు. కానీ క్లచ్ ప్లేటు మార్చాలంటే ఎగ్జాస్ట్ విప్పి, గేర్‌బాక్సు దించి, ఇంజన్నీ గేర్‌బాక్సునీ కలిపే టార్క్ ట్యూబును వెనక్కి జరపాలి. ఆ ప్లేటు మధ్యలో రబ్బరు పెట్టిన మహానుభావుడెవరో! వయసొచ్చేసరికి అది ముక్కలవుతుంది. ఈసారి స్ప్రింగుల ప్లేటు వేయించుకోండి.

ఇంజను కంప్యూటరుకీ పెట్రోలు పంపుకీ కరెంటిచ్చే స్విచ్చు, అదే డీఎంఈ రిలే, అందులో సోల్డర్ చిట్లితే పెట్రోలు పంపు ఆగిపోయి నడిరోడ్డు మీద మౌనవ్రతం పడతారు. అందుకే మీ యజమానుల గ్లవ్ బాక్సులో ఎప్పుడూ ఇంకో రిలే ఉంటుంది.

గోల్ఫేమీ కడిగిన ముత్యం కాదు. ప్లాస్టిక్ థర్మోస్టాట్ హౌసింగ్ వాటర్ పంపు దగ్గర కారుతుంది. కూలెంట్ తగ్గుతుంటే మొదట అక్కడే చూడాలి. అమెరికాలో అమ్మినవాటిలో గాలి లోపలికి వెళ్లే ఇన్‌టేక్ వాల్వుల మీద మసి పేరుకుంటుంది. అయినా దీపం వెలిగించి ముందే చెప్పే మర్యాద దానికుంది.

తా.క. మిమ్మల్ని కొనబోయేవారు బెల్టు మార్చిన రసీదు అడగాలి. లేదంటే ఆ ఖర్చు ధరలో కోసుకోవాలి. కూలెంట్ డబ్బాలో నూనె తెట్టు కనిపిస్తే హెడ్ కింద ఉండే గాస్కెట్ పోయిందని కంగారుపడి హెడ్ విప్పేముందు, ఆయిల్ కూలర్ సీళ్లు చూడమనండి.