సూత్‌సేయర్ గారి దర్శనవేళలు

ఎనిమిదో తరగతి చదువుతున్న మా అమ్మాయికి స్కూల్ నాటకంలో సూత్‌సేయర్ వేషం ఇచ్చారు. షేక్‌స్పియర్ ‘జూలియస్ సీజర్’లో రోమ్ వీధిలో సీజర్‌ని ఆపి "బివేర్ ద ఐడ్స్ ఆఫ్ మార్చ్" అనేవాడి వేషం. అంటే మార్చి 15తో జాగ్రత్త అని. సీజర్ వినలేదు, క్రీ.పూ. 44లో సరిగ్గా ఆ రోజే కత్తిపోట్లకు పోయాడు. స్కూల్‌వాళ్లు కత్తిరించగా మిగిలిన డైలాగు పిసరంత. పిల్ల గొంతు మాత్రం మూడంతస్తులకి వినబడేంత.

"సూత్‌సేయర్ అంటే ఎవరే?" అంది మా అమ్మ.

"జోస్యం చెప్పేవాడు అమ్మమ్మా."

సాయంత్రం కింద బెంచీల దగ్గరికి వెళ్లేసరికి అది "మా మనవరాలు జోస్యం చెబుతోందండీ, స్కూల్లోనే నేర్పిస్తున్నారు" అయింది. లిఫ్టులో పైకి వెళ్లేసరికి "ఆ పిల్ల నోట ఏదొస్తే అది జరుగుతుందిట" అయింది.

ఈలోపు ఇంట్లో ఇంకో ప్రమాదం జరుగుతోంది. మా నాన్న రిటైరైన ఇంగ్లిష్ లెక్చరర్. పాఠం వినే మనిషి దొరికి చాలా కాలమైంది. పిల్లని ఎదురుగా కూర్చోబెట్టుకున్నారు. "జోస్యం కాదమ్మా, ఆ అర్థం తర్వాత వచ్చి చేరింది. సూత్ అంటే పాత ఇంగ్లిషులో సత్యం. సూత్‌సేయర్ అంటే మొదట్లో ఉన్నది ఉన్నట్టు చెప్పేవాడు, అంతే." పదిహేడో శతాబ్దం మధ్యకల్లా సూత్ అనే మాట జనం నోటి నుంచి జారిపోయిందనీ, తర్వాత వాల్టర్ స్కాట్ లాంటి రచయితలు పాతకాలపు వాసన కోసం మళ్లీ తవ్వి తీశారనీ చెప్పారు. పిల్ల ఆవలించబోతుంటే అసలు సంగతి బయటపెట్టారు. సూత్ పుట్టింది ‘ఉండు’ అనే అర్థమున్న ధాతువు నుంచి. సంస్కృతంలో సత్, సత్యం కూడా అక్కడివే. అంటే సూత్, సత్యం దాయాదులు. తెలుగు వేరే కుటుంబం, ఆ ధాతువుతో చుట్టరికం లేదు. అయినా మనవాళ్లూ నిజాన్ని ‘ఉన్నమాట’ అనే అన్నారు.

ఇది నిజంగా అందమైన సంగతి. కాకపోతే పదమూడేళ్ల పిల్లకి చెప్పవలసినది కాదు. వేషంలో లీనమవ్వాలంటే నాటకం అయ్యేదాకా ఉన్నమాటే చెప్పాలని తీర్మానించుకుంది. ఉన్నమాటంటే ఉలుకెక్కువ అన్న సామెత సంగతి ఆ పాఠంలో రాలేదు.

మర్నాడు మూడో అంతస్తు ఆంటీ పళ్లెంలో పళ్లు, పైన వాళ్లబ్బాయి జాతకం పెట్టుకుని వచ్చారు. అబ్బాయికి హెచ్1బి లాటరీ. ఆ రిజిస్ట్రేషన్లు జరిగేది మార్చిలోనే. ఆవిడ చెప్పులు విప్పుతుండగానే లోపలి నుంచి "బివేర్ ద ఐడ్స్ ఆఫ్ మార్చ్!" అని కేక. నాన్న అలవాటు కొద్దీ అర్థం కూడా చెప్పారు. ఆంటీ అక్కడే సోఫా అంచున కూలబడ్డారు.

"మావాడికి వస్తుందా తల్లీ?"

"తెలీదు ఆంటీ. లాటరీ కదా, కంప్యూటర్ తీస్తుంది."

"మరి రోమ్‌లో ఎలా చెప్పారుట?"

దానికి నాన్న అందుకున్నారు. అసలు చరిత్రలో సీజర్‌ని హెచ్చరించినవాడి పేరు స్పురిన్నా అనీ, బలిచ్చిన జంతువు పేగులు చూసి చెప్పేవాడనీ అన్నారు. ఆంటీ పళ్లెం కొంచెం వెనక్కి లాక్కున్నారు.

మాట మార్చాలని "పోయిన వారం సున్నుండలు ఎలా ఉన్నాయమ్మా?" అని అడిగారు పాపం.

"నేను తినలేదు ఆంటీ. అమ్మమ్మ డబ్బా డబ్బా పనమ్మాయికి ఇచ్చేసింది."

అమ్మ మొహంలో రంగు మారింది. అయినా ఎన్ని పెళ్లిళ్లు, ఎన్ని అలకలు చూసిన మనిషి! ఆంటీ చెయ్యి పట్టుకుని, "పనమ్మాయి ఎంత మెచ్చుకుందో తెలుసా! మీ చేతి రుచి ఎవరికి వస్తుందండీ. అవునవును, మీవాడికి రాకపోతే ఇంకెవరికొస్తుంది" అంటూ వెన్ను నిమిరింది. ఆంటీ తేరుకుని కాఫీ కూడా తాగారు.

ఆవిడ అలా గుమ్మం దాటగానే నాన్న తొడ చరిచారు. "చూశావా! అచ్చం సూద్ అనే మాట కథ!" ఆ క్రియ కూడా సూత్ బిడ్డేనట. మొదట్లో ‘నిజమని రుజువు చెయ్యడం’. పదహారో శతాబ్దానికి ‘అవునవునంటూ తానతందాన పాడడం’. ఆ తర్వాత ‘ఊరడించడం’. "వందల ఏళ్ల చరిత్రని మీ అమ్మ ఒక్క కాఫీ టైములో చేసి చూపించింది!" అమ్మ మాట్లాడలేదు. ఆ రాత్రి నాన్నకి పెరుగన్నంలో ఆవకాయ పడలేదు.

ఆదివారం అపార్ట్‌మెంట్ సెక్రటరీ గారు పీచు తీసిన కొబ్బరికాయతో వచ్చారు. పిల్ల దాన్ని అరచేతిలో పెట్టుకుని సెల్లార్ చుట్టూ నడిస్తే, కాయ ఎక్కడ నిలబడితే అక్కడ కొత్త బోరు వేయిద్దామని ఆయన ఆలోచన. అమ్మ ఈసారి ముందే తలుపుకి అడ్డం నిలబడింది.

"పిల్లకి జ్వరమండీ, పడుకుంది."

"లేదు అంకుల్, బాగానే ఉన్నా," అంటూ పిల్ల వచ్చేసింది. "నీళ్లు ఎక్కడున్నాయో నాకు తెలీదు. జియాలజిస్టుని పిలవండి. కిందటిసారి అలాగే చేద్దామంటే ఆయన ఫీజు దండగని మీరే అన్నారట కదా, అమ్మ చెప్పింది."

సెక్రటరీ గారు నా వైపు చూశారు. నేను ఫ్యాను వైపు చూశాను. ఆయన కొబ్బరికాయ చెప్పుల స్టాండ్ మీద పెట్టేసి వెళ్లిపోయారు.

మర్నాడు అది పచ్చడైంది. ఉప్పు కాస్త ఎక్కువైనట్టుంది. ఎలా ఉందని మాత్రం అమ్మ ఎవర్నీ అడగలేదు.