నత్తల మీద జీవితాంతం పనిచేస్తే ఏమొస్తుందని అడిగేవాళ్లకి

నత్తల మీద పరిశోధన అనగానే "దానివల్ల ఏమొస్తుంది?" అంటారు. జువాలజీ చదివినవాళ్లు కూడా ఈ మాట అంటుంటే కడుపు మండుతుంది. ఏమొస్తుందో హెన్రీ క్రాంప్టన్ పని చూస్తే తెలుస్తుంది.

ఆయన న్యూయార్క్ బర్నార్డ్ కాలేజీలో ప్రొఫెసర్. 1894లో ఫైసా అనే మంచినీటి నత్త పిండాల మీద పేపర్ రాశాడు. ఈ నత్త గుల్ల ఎడమకి తిరుగుతుంది. గుల్ల ఏర్పడకముందే, పిండంలో కణాలు విడిపోయే తొలి దశల్లోనే ఆ తిరుగుడు మొదలవుతుందని చూపించాడు. ఫైసా మన కుంటల్లోనూ అక్వేరియం తొట్లలోనూ దొరుకుతుంది. కొన పైకి, నోరు మనవైపు ఉండేలా పట్టుకుంటే ఫైసాకి నోరు ఎడమవైపు కనిపిస్తుంది, డిగ్రీ ల్యాబులో అందరూ చూసిన పైలాకి (మన చెరువుల్లోని పెద్ద మంచినీటి నత్తకి) కుడివైపు.

1906 నుంచి ఆయన పసిఫిక్ దీవుల పార్టులా నత్తల వెంట పడ్డాడు. ఇవి చెట్ల మీద బతుకుతాయి, గుడ్లు పెట్టకుండా పిల్లల్నే కంటాయి. తాహితీ, మూరేయా, మరియానా దీవుల్లో తిరిగి, లోయ లోయకీ విడిగా సేకరించి, కొలిచి, 1916, 1925, 1932లలో మూడు పెద్ద సంపుటాలు వేశాడు. పార్టులాకి పెరుగుదల ఆగిపోగానే నోటి అంచు మందమై బయటికి మడతపడుతుంది. ఆ అంచు ఉన్నవాటినే కొలిస్తే రెండు లోయల సగటుల్ని నిజాయితీగా పోల్చవచ్చు. పైలాకి అలాంటి ఆనవాలు లేదు. పిల్లల్నీ పెద్దవాటినీ కలిపి వెర్నియర్ అనే కొలత పరికరంతో కొలిచేసి "ఈ చెరువు నత్తలు చిన్నవి" అని రాసే ప్రాజెక్టు రిపోర్టులు అందుకే దేనికీ పనికిరావు.

ఆ లెక్కల విలువ తర్వాత తెలిసింది. పంటల్ని తినేస్తున్న ఆఫ్రికా పెద్దనత్తని అదుపు చేస్తుందని యూగ్లాండినా అనే వేటనత్తని 1977లో మూరేయాలో వదిలారు. అది తేలిగ్గా దొరికే పార్టులాల మీద పడింది. 1987కల్లా ఆ దీవిలోని 7 జాతులూ అడవిలో కనిపించకుండా పోయాయి. బ్రయాన్ క్లార్క్, జేమ్స్ ముర్రే వంటి శాస్త్రవేత్తలు ముందే కొన్నింటిని ల్యాబుల్లో పెంచబట్టి కొన్ని జాతులు మిగిలాయి. జూలలో పెంచినవాటిని 2015 నుంచి తిరిగి ఆ దీవుల్లో వదులుతున్నారు. ఎక్కడ ఏది ఉండేదో చెప్పేది ఈ నత్తల మనుషులు రాసిపెట్టిన లోయల లెక్కలే.

ఇప్పుడు మన కాలేజీల అద్దాల బీరువాలు చూడండి. ఫార్మలిన్ సీసా, మీద "పైలా" అని చీటీ. ఏ ఊరు, ఏ చెరువు, ఏ సంవత్సరం, ఏమీ లేదు! ఫార్మలిన్ నిలవ ఉండేకొద్దీ ఆమ్లమై గుల్లని తినేస్తుంది, డీఎన్‌ఏనీ పాడుచేస్తుంది. బతికున్న పైలాని నేరుగా ఆల్కహాల్‌లో వేస్తే గుల్ల నోటికుండే తన మూత బిగించుకుంటుంది, ద్రవం లోపలికి పోక ఒళ్లు కుళ్లిపోతుంది. చెరువు నీళ్లలోనే ఉంచి, మత్తు కోసం పైన మెంతాల్ పలుకులు చల్లి, పాత్రకి మూతపెట్టి రాత్రంతా వదిలేయాలి. పాదాన్ని సూదితో తాకితే ముడుచుకోనప్పుడే తీయాలి. నేలనత్తలైతే మరిగించి చల్లార్చిన నీటిని సీసా అంచుదాకా నింపి, గాలి లేకుండా మూసి ఒక రోజు ఉంచాలి. కోసి చూడ్డానికి 70 శాతం ఆల్కహాల్, డీఎన్‌ఏకి 95 శాతం. ఒంట్లోని నీరు ఆల్కహాల్‌ని పలచన చేస్తుంది కాబట్టి మర్నాడు మార్చి తీరాలి. పెద్దవాటికి ఆల్కహాల్ లోపలికి పోయేలా గుల్లకి చిన్న చిల్లు పెట్టాలి.

గుల్ల చాలదా, ఒళ్లు కూడా దాచడం ఎందుకంటారా? గుల్లలు ఒకేలా ఉన్న నేలనత్తల్లో చాలావాటిని వేరుచేసేది జననాంగాల నిర్మాణమే. ఖాళీ గుల్ల అది చెప్పలేదు.

లేబుల్ పెన్సిల్‌తో రాసి సీసా లోపలే వేయాలి. బాల్‌పెన్ సిరా ఆల్కహాల్‌లో కరిగిపోతుంది. "నల్గొండ జిల్లా" అంటే చాలదు, ఊరు, చెరువు పేరు, జీపీఎస్, లోతు, బురదలోనా నాచు మీదా, తేదీ, సేకరించినవారి పేరు ఉండాలి.

ప్రొఫెసర్ రిటైరవగానే ఆయన గది ఖాళీ చేయించి సీసాలు పారబోయడం దారుణం. హైదరాబాద్‌లో జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా (కేంద్ర ప్రభుత్వ జంతు పరిశోధన సంస్థ) వారి మంచినీటి జీవశాస్త్ర కేంద్రం ఉంది. రిటైర్మెంట్‌కి ఏడాది ముందే జాబితా రాసి, ఫీల్డు నోట్సుతో సహా నమూనాలు అలాంటి చోట అప్పగించే పద్ధతి ప్రతి యూనివర్సిటీ పెట్టాలి. ప్రమోషన్ ఫైల్లో పేపర్ల లెక్క పక్కనే, సరైన లేబుల్‌తో భద్రపరిచిన నమూనాలకీ మార్కులు వేయాలి.