కలర్ ప్రొఫైల్‌ను రద్దు చేయవలసిందిగా విజ్ఞప్తి

పెళ్ళి ఆల్బమ్ చేతికి వచ్చిన రోజున మధుపర్కాలు నీలంగానూ, తలంబ్రాలు నారింజ రంగులోనూ కనబడితే వెంటనే ఫొటోగ్రాఫర్ మీద విరుచుకుపడటం మనలో పాతుకుపోయిన దురాచారం. తన మానిటర్‌లో రంగులు బాగానే ఉన్నాయని ఫొటోగ్రాఫర్ అంటాడు. తన మానిటర్‌లో ఇంకా బాగున్నాయని డిజైనర్ అంటాడు. వచ్చిన ఫైలును వచ్చినట్టే ప్రింటు కొట్టామని ల్యాబ్ వారు అంటారు. ముగ్గురూ చెప్పేది నిజమే. ఇందరు సత్యసంధుల నడుమ నిలబడి, తప్పు ఫలానా చోట జరిగిందని బయటపెట్టగలిగిన వస్తువు ఒకే ఒక్కటి ఉంది. అదే కలర్ ప్రొఫైల్. పెళ్ళివారికీ ఫొటోలవారికీ మధ్య సామరస్యం నిలవాలంటే దానిని తక్షణం రద్దు చేయాలని సవినయంగా మనవి చేస్తున్నాను.

ఫొటో ఫైలులో ఉండేవి రంగులు కావు, అంకెలు. ప్రతి చుక్కకూ ఎరుపు, పచ్చ, నీలం ఎంతెంతో 0 నుంచి 255 దాకా రాసి ఉంటుంది. ఆ అంకెకు అర్థం ఏ ఎరుపో, ఏ పచ్చో చెప్పేది ప్రొఫైల్. 1996లో హెచ్‌పీ, మైక్రోసాఫ్ట్ సంస్థలు ప్రతిపాదించిన ఎస్‌ఆర్‌జీబీ అనే రంగుల కొలమానంలో నిండు ఎరుపు 255 అయితే, అదే ఎరుపును అడోబీ ఆర్‌జీబీ అనే మరో కొలమానంలో 219 అని రాస్తారు. రంగులు ఎక్కువ పడతాయన్న ఆశతో కెమెరాలో అడోబీ ఆర్‌జీబీ పెట్టుకుని తీసిన జేపెగ్‌లో ఆ ప్రొఫైల్ దారిలో ఎక్కడో ఊడిపోయిందనుకోండి, ల్యాబ్ యంత్రం ఆ 219ని ఎస్‌ఆర్‌జీబీ అంకెగానే చదువుకుంటుంది, పెళ్ళికూతురి నుదుటి కుంకుమ వెలిసిపోతుంది. అంతకుముందే డిజైనర్‌కు కూడా ఫొటో డల్‌గా కనబడి ఉంటే, అతను శాచురేషన్‌ను, అంటే రంగుల గాఢతను, ఒక్క తోపు తోసి ఉంటాడు. కుంకుమ కోలుకుంటుంది గానీ పెళ్ళికొడుకు ముఖం కమలాపండవుతుంది. ఫైలులో ప్రొఫైల్ ఉంటే ఈ కథంతా మొదట్లోనే తేలిపోయేది. అదృష్టవశాత్తు, సేవ్ చేసేటప్పుడు ప్రొఫైల్ జతచేయాలా అని అడిగే చిన్న గడి ఒకటి ఉంటుంది, అందులో టిక్కు తీసేసే దూరదృష్టిపరులూ ఉన్నారు. ఎస్‌ఆర్‌జీబీ ప్రొఫైల్ పరిమాణం సుమారు 3 కిలోబైట్లు. వందల మెగాబైట్ల ఆల్బమ్ షీటులో ఇంతటి దుబారాను అరికట్టినవారిని ఎంత పొగిడినా తక్కువే.

ప్రమాణాలంటే పవిత్రమైనవి కదా అని కొందరు అడ్డుపడవచ్చు. 1998లో ఫొటోషాప్ 5.0 తయారుచేసేటప్పుడు ఒక టెలివిజన్ ప్రమాణం నుంచి అంకెలను ఎత్తిరాసుకోవడంలో పొరపాట్లు దొర్లాయి. ఆ తప్పు అంకెల ఫలితమే వాడేవారికి నచ్చడంతో, దానికి అడోబీ ఆర్‌జీబీ అని పేరు మార్చి అలాగే ఉంచేశారు. అమెరికాలో జరిగిన పొరపాటు ప్రపంచ ప్రమాణం కాగా లేనిది, మన బెజవాడ ల్యాబ్ ఆల్బమ్‌లోని పసుపు జాతీయ ప్రమాణం ఎందుకు కాకూడదు?

మానిటర్‌కు తగిలించి రంగులను కొలిచే క్యాలిబ్రేషన్ పరికరాన్ని ఇక తలుచుకోనే అక్కర్లేదు. ప్రింటు కోసం పనిచేసేటప్పుడు తెర వెలుగు చదరపు మీటరుకు 80 నుంచి 120 క్యాండెలాల మధ్య ఉంటే మేలని తెలిసినవారు చెబుతారు. మన డిజైనర్ మాత్రం వెలుగును పైదాకా పెంచి, ఆ దేదీప్యమానమైన తెర మీద ఫొటోను దిద్ది, ప్రింటు నల్లగా వచ్చిందేమిటని ల్యాబ్‌కు ఫోన్ చేస్తాడు. ప్రింటును పరీక్షించడానికి డీ50 అనే నిర్ణీత వెలుగు ఉందట. చీర కొనేటప్పుడు దుకాణం గుమ్మం దాకా తీసుకొచ్చి, పగటి వెలుగులో మడత విప్పి చూస్తే గానీ రంగును నమ్మని మేనత్తగారు, ఆల్బమ్ మీద తీర్పును మాత్రం రాత్రి భోజనాలయ్యాక హాల్లోని ఎల్‌ఈడీ బల్బు కింద వెలువరిస్తారు. ఆ తీర్పు మీద అప్పీలు లేదు.

అసలు చిక్కంతా చీరతోనే. నెమలి పచ్చ, రాణి గులాబీ వంటి నిండు పట్టు రంగులు చాలావరకు కాగితానికి అందవు. అందని రంగును ఏం చేయాలో చెప్పడానికి ప్రొఫైల్ పద్ధతిలో నాలుగు మార్గాలున్నాయి. పెర్సెప్చువల్ అన్ని రంగులనూ కొంచెం కొంచెం తగ్గించి, వాటి మధ్య పొందికను కాపాడుతుంది. రిలేటివ్ కలరిమెట్రిక్ అందే రంగుల జోలికి పోకుండా, అందనివాటిని మాత్రం అంచుకు తెచ్చి నిలబెడుతుంది. దాంతో పమిట మీది మూడు రకాల పచ్చలు ఒకే పచ్చగా ముద్దకట్టి, నేతలోని బుటాలు మాయమైపోవచ్చు. మూడోది శాచురేషన్. నిజానిజాలతో పని లేకుండా ధగధగలాడించడమే దాని ధ్యేయం. గ్రాఫుల కోసం, పటాల కోసం పుట్టిన ఈ పద్ధతిని మన ఆల్బమ్‌లకు అధికారికంగా ప్రకటిస్తే సరిపోతుంది. నాలుగోదాని గురించి ల్యాబ్‌లో ఎవరూ అడగరు. సాఫ్ట్ ప్రూఫ్ పెట్టుకుంటే ఈ నష్టమంతా ప్రింటుకు ముందే తెర మీద కనబడుతుందంటారు. శుభకార్యానికి ముందు అశుభం చూడటం మన ఆచారం కాదు.

అయినా ప్రొఫైల్ ఉండి తీరాలని ఎవరైనా పట్టుబడితే, దానిని సరైన చోటికి పంపాలన్నదే నా ప్రత్యామ్నాయ ప్రతిపాదన. ల్యాబ్ వారు తమ కాగితం ప్రొఫైల్‌ను ధర్మవరం నేతగాళ్ళకు ముందుగానే అందజేయాలి. ఆ కాగితానికి పట్టని రంగును పట్టుకు అద్దరాదని అద్దకంవారికి ఉత్తర్వులు ఇవ్వాలి. పెళ్ళిచూపులు కుదిరిన మర్నాడే ఇరుపక్షాల పెద్దలూ ల్యాబ్‌కు వెళ్ళి నమూనా ప్రింట్లు తెచ్చుకుని, వాటికి సరిపోయే చీరలే కొనుక్కోవాలి.