పడమటి గాలి రోజున మిషిగన్ సరస్సు
షికాగో దగ్గర మిషిగన్ సరస్సులో కయాకింగ్‌కి (చిన్న సన్నటి పడవని తెడ్డుతో నడపడం) "అలలు లేని రోజు చూసుకుని వెళ్లండి" అని ఒక సలహా చూశాను. అదొక్కటే చాలదండీ, గాలి ఎటు నుంచో కూడా చూడాలి. షికాగో ఉన్నది సరస్సుకి పడమటి ఒడ్డున, కాబట్టి పడమటి గాలి ఒడ్డు నుంచి సరస్సు లోపలికి వీస్తుంది. అప్పుడు ఒడ్డు పక్కన నీళ్లు అద్దంలా ఉంటాయి. లోపలికి వెళ్లేకొద్దీ అలలు లేస్తాయి, తిరిగొచ్చేటప్పుడు మొత్తం ఎదురుగాలే. గాలి నింపే బోట్లయితే ఆకుల్లా కొట్టుకుపోతాయి. పైగా ఆ గాలి పైపొర వెచ్చటి నీటిని లోపలికి నెట్టేస్తే అడుగునున్న చన్నీళ్లు పైకొస్తాయి, నడి వేసవిలో కూడా.

లైఫ్ జాకెట్ సరిపోయిందో లేదో చూడాలంటే, బకిల్స్ అన్నీ పెట్టుకుని చేతులు పైకెత్తండి, భుజాల దగ్గర పట్టుకుని ఎవరినైనా పైకి లాగమనండి. గడ్డం దాకా లేచిందంటే వదులే. పక్క పట్టీలు బిగించినా లేస్తుంటే చిన్న సైజు తీసుకోవాలి. కయాక్ తిరగబడితే మాత్రం దాన్ని వదిలేసి ఒడ్డుకి ఈదొద్దు, పట్టుకునే ఉండండి.