బిర్యానీ పక్కన గోరువెచ్చటి రెడ్ వైన్ పెట్టడం ఇక ఆపండి

హైదరాబాద్‌లో ఏ పెద్ద రెస్టారెంట్‌లోనైనా రెడ్ వైన్ అడిగి చూడండి. బార్ అరలో లైట్ల వేడికి కాగుతున్న సీసా తెచ్చి, "రూమ్ టెంపరేచర్‌లోనే తాగాలి సార్" అంటారు. మొన్న జూబ్లీహిల్స్‌లో ఒకచోట గ్లాసు పట్టుకుంటే చేతికి వెచ్చగా తగిలింది. కాస్త చల్లబరచమంటే, రెడ్ వైన్ ఫ్రిజ్‌లో పెట్టకూడదని వడ్డించే అబ్బాయి నాకు పాఠం చెప్పాడు. అతని మీద నాకు కోపం లేదు. అలా నేర్పినవాళ్ల మీదే.

ఆ సూత్రం పుట్టింది యూరప్‌లో, హీటర్లు లేని పాత ఇళ్లలో. అక్కడ గది అంటే 16, 18 డిగ్రీలు. మే నెలలో 40 దాటే మన ఊళ్లో ఆ మాటకి అర్థమేముంది? వైన్ వేడెక్కితే ముందు ఆల్కహాల్ ఘాటే ముక్కుకు కొడుతుంది, పండు వాసన వెనకబడిపోతుంది.

ఇంతకన్నా నన్ను బాధపెట్టేది ఇంకొకటి. బిర్యానీ, మిర్చీ కా సాలన్ చెప్పినవాళ్లకి చిక్కటి కాబెర్నే సావిన్యోన్ అనే రెడ్ వైన్ అంటగడతారు, "మటన్‌కి హెవీ రెడ్ బాగుంటుంది" అంటూ. ఉప్పూ మిరియాలూ చల్లి కాల్చిన మాంసానికి ఆ లెక్క సరే. మన మాంసంలో మిరపకాయ ఉంది కదా! మిరపలోని కాప్సైసిన్ ఏ నరాలను మండిస్తుందో ఆల్కహాల్ కూడా వాటినే రేపుతుంది. దానికి ద్రాక్ష తొక్కల్లోంచి దిగే టానిన్ల వగరు తోడైతే పచ్చి వక్క నమిలినట్టు నోరంతా పిడచగట్టుకుపోతుంది. అంతే, "మన తిండికి వైన్ పడదురా" అని తేల్చేస్తారు. వైన్‌కీ అన్యాయమే, బిర్యానీకీ అన్యాయమే.

మన భోజనానికి సరిపడే రెడ్ వైన్ లేక కాదు. ఫ్రాన్స్‌లో లియోన్ నగరానికి ఉత్తరాన బోజొలే అనే ప్రాంతం ఉంది. అక్కడి ద్రాక్ష పేరు గామే. 1395లో పక్కనున్న బుర్గుండీని ఏలే డ్యూక్ ఫిలిప్ ఇది నమ్మదగని చెడ్డ మొక్క అని, తన రాజ్యంలో పీకేయమని శాసనం చేశాడు. ఆయన మనసు పినో నోయర్ అనే మరో ద్రాక్ష మీద. కానీ బోజొలే ఉత్తర భాగంలోని గ్రానైట్ నేలల్లో గామే బ్రహ్మాండంగా కుదురుకుంది. మోర్గాన్, ఫ్లూరీ, మూలాన్ ఆ వాన్ లాంటి పది ప్రత్యేక గుర్తింపు పొందిన ప్రాంతాలు అక్కడే ఉన్నాయి.

ఇక్కడ ద్రాక్ష గుత్తులను నలగ్గొట్టకుండా గుత్తులుగానే తొట్టెలో వేస్తారు. కార్బన్ డయాక్సైడ్ నిండిన ఆ తొట్టెలో పులియడం పండు లోపలే మొదలవుతుంది. అందుకే రంగు, ఎర్రటి పళ్ల వాసన బాగా దిగుతాయి గానీ వగరు తక్కువ. పులుపు మాత్రం గట్టిగా ఉంటుంది. మనకి కావలసింది ఆ పులుపే. గోంగూర మాంసం పక్కన పులుపు తక్కువున్న వైన్ చప్పగా అయిపోతుంది. ఫ్లూరీ వైన్ అయితే గోంగూరతో సమానంగా నిలబడుతుంది. ఓ ముద్ద తిని, చల్లగా ఓ గుక్క వేస్తే నూనె జిడ్డు కోసుకుపోయి, నాలుక మళ్లీ ముద్ద కోసం సిద్ధమవుతుంది. పత్థర్ కా గోష్త్‌కి మోర్గాన్ ఇంకా బాగా కుదురుతుంది, ఆ రాతి మీద కాలిన పొగ వాసనకి నోటికి కాస్త బరువుగా తగిలే వైన్ కావాలి.

బోజొలే మన దగ్గర అన్నిచోట్లా దొరకదు, దొరికినా పన్నులతో ధర మోపెడు. పరవాలేదు, నాసిక్‌లో చేసే షిరాజ్ రెడ్ వైన్‌నైనా ఓ గంటన్నర, రెండు గంటలు ఫ్రిజ్‌లో పెట్టి తీయండి. 14 డిగ్రీల దగ్గర అదే సీసా వేరే వైన్‌లా అనిపిస్తుంది. బిల్లులో వేలకు వేలు రాసే రెస్టారెంట్లు ఒక బకెట్, ఇన్ని ఐసు ముక్కలు, చల్లటి నీళ్లు పెట్టలేవా? మెనూలో ప్రతి కబాబ్ పక్కనా కాబెర్నే పేరు రాసే బదులు, ఆ కబాబ్ తిని చూసి రాయమనండి.

ఆవకాయ అన్నం దగ్గరకి మాత్రం ఏ రెడ్ వైన్‌నీ తేవద్దు. ఆవఘాటు, ఉప్పు, కారం మూడూ కలిసినచోట గామే కూడా నిలవదు. అక్కడ మజ్జిగే.