పళ్లెంలో అన్నం ఉంది, కూర ఏది?

సికింద్రాబాద్ అడ్డగుట్టలో సాయంత్రం ఏడున్నర. ఇళ్లల్లో పని ముగించుకుని వచ్చిన ఒకావిడ మలుపు దగ్గర తోపుడు బండి ముందు ఆగింది. బండి మీద మెత్తబడ్డ టమాటాలు, ముదిరిపోయిన బెండకాయలు, వాడిపోయిన పాలకూర కట్టలు రెండు. పొద్దున్నుంచీ కాలనీల్లో అందరూ ఏరుకోగా మిగిలిన సరుకు అది. "అన్నా, టమాటా పావు కిలో ఇయ్యి, మిర్చి పది రూపాయలకు" అంది. బెండకాయ ధర అడిగింది. విని ఊరుకుంది. బండి అతను కొసరుగా రెండు కరివేపాకు రెమ్మలు సంచిలో వేశాడు. పక్కనే కిరాణా కొట్టు గుమ్మానికి ఐదు రూపాయల చిప్స్ ప్యాకెట్లు దండల్లా వేలాడుతున్నాయి. ఆమె చెయ్యి పట్టుకున్న పిల్లాడి చూపంతా అటే ఉంది.

ఈ బస్తీకి దగ్గర్లోనే, తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 2024లో ఆ సంస్థ ఇచ్చిన ఆహార మార్గదర్శకాలు మనిషికి రోజుకు దాదాపు 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు కావాలంటాయి. బియ్యం, గోధుమ, జొన్న లాంటి ధాన్యాలన్నీ కలిపి 250 గ్రాములు చాలంటాయి.

దాని పక్కన రేషన్ లెక్క పెట్టి చూడండి. తెలంగాణలో కార్డు మీద ఒక్కొక్కరికి నెలకు 6 కిలోల బియ్యం ఉచితం. 2025 ఉగాది నుంచి సన్నబియ్యమే ఇస్తున్నారు. అంటే రోజుకు 200 గ్రాములు. మనిషికి కావలసిన ధాన్యంలో ఐదింట నాలుగు వంతులు ప్రభుత్వమే ఇంటికి చేరుస్తోంది. ఇది చిన్న విషయం కాదు, దీన్ని తక్కువ చేసి మాట్లాడేవాళ్లంటే నాకు కోపం. కానీ కూరగాయల దగ్గరకు వచ్చేసరికి ఆ ఇల్లు ఒంటరిదైపోతుంది. నలుగురున్న ఇంటికి రోజుకు కిలో 600 గ్రాముల కూరగాయలు కావాలి. కిలో సగటున 40 రూపాయలే అనుకున్నా రోజుకు 64, నెలకు 1,900 దాటుతుంది. పప్పు, గుడ్లు, పాలు, పండ్లు ఇంకా లెక్కలోకి రానేలేదు. ఇంటి అద్దె, పిల్లల ఫీజులు, చిట్టీ డబ్బులు పోగా ఈ 1,900 ఎక్కడి నుంచి తేవాలి? అందుకే పళ్లెంలో అన్నం కుప్పగా ఉంటుంది, పక్కన చారో పచ్చడో ఉంటుంది.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల మధ్య ఆడవాళ్లలో 57.6 శాతం మందికి రక్తహీనత. అదే సర్వేలో 30.1 శాతం మంది ఆడవాళ్లు ఉండాల్సిన దానికన్నా ఎక్కువ బరువున్నారు. కడుపు నిండినా ఒంటికి పట్టే తిండి లేదనడానికి ఇంతకన్నా ఏం కావాలి?

ఈ మాట ఎత్తగానే "వాళ్లకు అవగాహన లేదండీ" అనేస్తారు చాలామంది. బండి దగ్గర బెండకాయ ధర అడిగిన మనిషికి ఏ అవగాహన తక్కువైంది? ఆమెకు తక్కువైనవి మూడు: చేతిలో డబ్బు, టైం, ఫ్రిజ్. ఈ మూడూ ఒకదాని మీద ఒకటి పడతాయి. రేకుల ఇంట్లో, మే నెల ఎండలో ఆకుకూర సాయంత్రానికే వడలిపోతుంది. వారానికి సరిపడా ఒకేసారి కొనుక్కుంటే చౌక అని మనం సలహా ఇస్తాం. రోజు కూలీ రోజూ చేతికొచ్చే ఇంట్లో సరుకు కూడా ఏ రోజుకారోజే. పావు కిలోల్లో కొనేవాళ్లకు కిలో ధర ఎప్పుడూ ఎక్కువే పడుతుంది.

అమెరికాలో నగరంలోని పేదల పేటలకు ఒక మైలు లోపల సూపర్ మార్కెట్ లేకపోతే దాన్ని ఆహార ఎడారి అంటారు. మన బస్తీకి ఆ కొలత సరిపోదు. ఇక్కడ సందుకో కిరాణా ఉంది, రోజూ బండి వస్తుంది. దొరకనిది తాజా సరుకు, అందే ధరలో, ఆమె ఇంట్లో ఉండే వేళకు. గేటెడ్ కమ్యూనిటీకి పది నిమిషాల్లో కూరగాయలు తెచ్చిచ్చే యాప్‌లు ఉన్నాయి. ఆ సంచులు మోసే కుర్రాళ్లలో ఎంతోమంది బస్తీల్లోనే ఉంటారు.

రైతు బజార్లు 1999లో మొదలయ్యాయి. రైతే నేరుగా అమ్మడం, ధరల బోర్డు పెట్టడం మంచి ఆలోచన. నేనూ అక్కడే కొంటాను, ఐదారు కిలోలు ఒకేసారి కొని స్కూటర్‌కు తగిలించుకొస్తాను. ఆ బజారు వేళలు నాలాంటివాడికి సరిపోతాయి. 2023 డిసెంబర్ నుంచి ఆడవాళ్లకు బస్సు ఉచితమే, ఛార్జీ బాధ లేదు. అయితే పొద్దున ఆరింటికి పనికి వెళ్లి చీకటి పడ్డాక వచ్చే మనిషి ఏ పూట వెళ్లాలి? 5 రూపాయల భోజనం అందించే క్యాంటీన్లు కూలీలకు నిజంగా పెద్ద ఆసరా. నేను చూసిన కౌంటర్ల దగ్గర మాత్రం క్యూలో ఎక్కువగా మగవాళ్లే ఉంటారు. ఇంట్లో పొయ్యి మీదికి ఏం వస్తుందన్న ప్రశ్న అలాగే మిగిలిపోతుంది.

కొత్త పథకం పేరు వెతికే ముందు ఇప్పటికే పనిచేస్తున్నవాటిని చూడాలి. హైదరాబాద్ పేటల్లో వారానికోసారి సాయంత్రం అంగడి కూర్చుంటుంది, ఒక్కో పేటకు వారంలో ఒక్కో రోజు. రోడ్డు పక్కన పట్టాలు పరిచి, బల్బులు కట్టి రాత్రి పది దాకా అమ్ముతారు. ఆడవాళ్లు పని నుంచి వచ్చాక వెళ్లగలిగే మార్కెట్ ఇది. దీనికి నీళ్లు, లైట్లు, మరుగుదొడ్డి ఇవ్వాల్సింది పోయి ట్రాఫిక్‌కు అడ్డమని తరమడమేమిటి? తోపుడు బండి గతీ అంతే. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం సర్వే పూర్తయి గుర్తింపు పత్రాలు ఇచ్చేదాకా ఎవరినీ కదిలించకూడదు. అయినా బండి ఎత్తుకుపోతారన్న టెన్షన్ ఏ రోజూ తీరదు. పొద్దున తొమ్మిది వందలు అప్పు తీసుకుని సాయంత్రం వెయ్యి కట్టే మనిషి, ఆ వంద రూపాయల్ని టమాటా ధరలోనే కలుపుతాడు. చివరికి ఆ వడ్డీ కట్టేది పావు కిలో కొనే ఆవిడే.

పప్పు విషయంలో వెతుక్కోవాల్సింది కూడా లేదు. తమిళనాడులో రేషన్ షాపులో కిలో కందిపప్పు 30 రూపాయలకు, లీటరు పామాయిల్ 25 రూపాయలకు ఏళ్లుగా ఇస్తున్నారు. 2013లో ఉమ్మడి రాష్ట్రంలో అమ్మ హస్తం పేరుతో 185 రూపాయలకు తొమ్మిది సరుకులు ఇచ్చారు, అందులో కందిపప్పు ఉంది. దాన్ని నిలబెట్టుకోలేకపోయాం.

కూరగాయలు రేషన్‌లో ఇవ్వడం కుదరదు, అవి కుళ్లిపోతాయి. కానీ బోయిన్‌పల్లి మార్కెట్‌కు తెల్లవారుజామున వచ్చే సరుకులో ఒక వ్యాన్ సాయంత్రం ఆరింటికి బస్తీకి చేరడం కుదురుతుంది. ఆ వ్యాన్‌ను అక్కడి మహిళా సంఘానికే అప్పగించవచ్చు, పావు కిలోను కూడా కిలో రేటుకే అమ్మించవచ్చు. ఉన్న బండ్ల వాళ్ల పొట్ట కొట్టకుండా వాళ్లకూ అదే ధరకు సరుకు ఇవ్వాలి. స్థలం కూడా కొత్తగా వెతకక్కర్లేదు. రక్తం తక్కువగా ఉంది, ఆకుకూరలు తినమ్మా అని బస్తీ దవాఖానాలో డాక్టర్ చెప్పి పంపిస్తారు. సాయంత్రానికి దవాఖానాకు తాళం పడుతుంది, ముందున్న జాగా ఖాళీ అవుతుంది. ఆరు నుంచి తొమ్మిది దాకా అక్కడ తోటకూర అమ్మనివ్వండి.