తేనెటీగలకి సంఘం నడపడం ఏం తెలుసు?

తేనెటీగల్ని చూసి నేర్చుకోవాలి అని మైకు దొరికిన ప్రతి ఒక్కరూ చెప్తారు. క్రమశిక్షణ అంట, ఐకమత్యం అంట, కష్టపడే గుణం అంట. తేనెటీగల పెంపకందారుల సంఘంలో కార్యవర్గ సభ్యుడి హోదాలో పూర్తి బాధ్యతతో చెప్తన్నా, ఇయన్నీ వాటిని దూరం నుంచి చూసినోళ్ల మాటలు. దగ్గరికి పోయి చూస్తే తెలుస్తుంది, వాటికి సంఘం నడపడం రాదు. మినిట్స్ బుక్కు లేదు, సభ్యత్వ రుసుం లేదు, శాలువా అంటే ఏందో తెలీదు. ఇన్ని లక్షల ఏళ్లలో బైలాస్‌కి ఒక్క సవరణ కూడా చేసుకోలేని జాతిని తీసుకొచ్చి మాకు ఆదర్శం అంటే ఎట్టా?

ముందు నాయకత్వం సంగతి చూద్దాం. రాణి ఈగ, రాణి ఈగ అంటారు గదా, పేరుకే రాణి. రోజుకి వెయ్యి, పదిహేను వందల గుడ్లు పెట్టడం తప్ప ఆమె చేతిలో ఒక్క సంతకం పవర్ లేదు. మేతకి ఎటు పోవాలో ఆమెని అడగరు, ఇల్లు ఎప్పుడు మారాలో అడగరు. గుంపు విడిపోయి బయటికొచ్చి ఏ చింతకొమ్మకో వేలాడతా ఉన్నప్పుడు కొన్ని ముదురు ఈగలు కొత్త చోటు వెతకడానికి పోతాయి, వచ్చి డాన్సు చేసి చెప్తాయి, అది చూసి ఇంకొన్ని స్వయంగా పోయి ఆ తొర్ర చూసుకుని వస్తాయి, నచ్చితేనే అయ్యి కూడా డాన్సు చేస్తాయి, చూడకుండా ఏదీ చెయ్యెత్తదు. ఒక చోట ఒకేసారి ఓ 20, 30 ఈగలు చేరాయంటే అదే కోరం, ఇంక లేచి పోవడమే, రాణి వాటెనకాల పోవాల్సిందే. ఈ డాన్సు అర్థం ఏందో విప్పి చెప్పినందుకు కార్ల్ ఫాన్ ఫ్రిష్‌కి 1973లో నోబెల్ కూడా ఇచ్చారు. మా అధ్యక్షుల వారికి ఇదంతా వివరంగా చెప్తే ఆయన మొత్తం విని ఒకటే అన్నారు: "అధ్యక్షుడు లేకండా కోరమా? చెల్లదబ్బా."

మాది అట్టాంటి గాలి యవ్వారం కాదు. 2001 సొసైటీల చట్టం కింద పద్ధతిగా రిజిస్టర్ చేయించాం. ఆ చట్టం ప్రకారం ఏడుగురు ఉంటే సంఘం పెట్టుకోవచ్చు. ఆ ఏడుగురికి తేనెటీగలు ఉండాలని ఎక్కడా లేదు, మేం మొత్తం చదివించాం. అందుకని ఒకాయన ఫ్లెక్సీ ప్రింటింగు, ఒకాయన రిటైర్డ్ ఉద్యోగి, ఒకాయన పురుగుమందుల షాపు (కోశాధికారి ఆయనే, డబ్బులున్నోడి దగ్గరే డబ్బులు ఉండాలని అందరం అనుకున్నాం), ఇంకో ఇద్దరు అధ్యక్షుల వారి బామ్మర్దులు, మిగిలినోళ్లకి పెట్టెలు ఉన్నాయి. ఆ పెట్టెలున్నోళ్లే మీటింగులకి సరిగ్గా రారు. ఫోన్ చేస్తే అన్నా, రాణి కనపడ్డం లేదు, చూసుకోవాలి అంటారు, ఇంకోసారి మైనపు పురుగు పట్టింది ఫ్రేములు మార్చాలి అంటారు, ఇంకోసారి స్టాండు కాళ్ల కింద గిన్నెల్లో నీళ్లు ఎండిపోతే చీమలు ఎక్కాయి అంటారు. సంఘం మీద శ్రద్ధ లేకపోతే ఇట్టాంటి సాకులు ఎన్నైనా వస్తాయి.

కేంద్రం జాతీయ తేనెటీగల పెంపకం, తేనె మిషన్ అని ఒకటి పెట్టి 500 కోట్లు ఇస్తందని పేపర్లో వచ్చినప్పుడు మాత్రం హాలు చాల్లా. అంత హాజరు ఎప్పుడూ లేదు. ఊళ్లో ఇంతమందికి తేనెటీగల మీద ఇంత ప్రేమ ఉందని అప్పుడే తెలిసింది. తర్వాత 2021లో మధుక్రాంతి అని పోర్టల్ పెట్టి పెంపకందారులందరూ వివరాలు రిజిస్టర్ చేసుకోండి, పెట్టెలు ఎన్నో, ఎక్కడ పెట్టారో చెప్పండి అన్నారు చూడండి, ఆ రోజు నుంచి ప్రేమ మళ్లీ మనసులోకి పోయింది.

లెటర్‌హెడ్ సమస్య ఇంకా పెద్దది. మాది కందుకూరు వైపు. సంఘం పెట్టినప్పుడు ప్రకాశం జిల్లా అని కొట్టించాం. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టి కందుకూరుని నెల్లూరు జిల్లాలో కలిపారు. కాయితాలు మార్చాలా వద్దా అని మూడు మీటింగులు జరిగాయి, ఒంగోలు వైపు సభ్యులు ఒప్పుకోలా, నెల్లూరు వైపు సభ్యులు తగ్గలా, చివరికి కార్యదర్శి బుర్ర పెట్టి జిల్లా పేరు దగ్గర ఖాళీ వదిలి రబ్బరు స్టాంపు చేయించాడు, గవర్నమెంటు ఎప్పుడు ఏ జిల్లా అంటే అప్పుడు పెన్నుతో రాసుకోవచ్చని. ఈగలకి ఈ దూరదృష్టి ఉందా? పూలున్న చోటికి రెండు మూడు కిలోమీటర్లు ఎగిరిపోవడమే తప్ప మండలం ఏది, డివిజన్ ఏది అని ఒక్కటన్నా ఆలోచిస్తుందా?

చీలిక వచ్చినప్పుడు కూడా వాటి తెలివితక్కువతనం బయటపడుద్ది. పెట్టెలో జనం ఎక్కువై కొత్త రాణి గది కట్టారనుకోండి, పాత రాణి ఏం చేస్తుంది, సగం మందిని ఎంటబెట్టుకుని తనే బయటికి పోతుంది. కట్టిన పట్టు, దాచిన తేనె, పిల్లలు, అన్నీ పుట్టబోయే కూతురికి వదిలేసి! రాజకీయం తెలిసినోళ్లు ఎవరన్నా చేసే పనా ఇది? మా సంఘం చీలినప్పుడు పాత అధ్యక్షుల వారు బీరువా తాళాలు, రబ్బరు స్టాంపు, పొగ డబ్బాలు, ఆఖరికి అందరి చందాలతో కొన్న తేనె తీసే మిషన్ కూడా ఆటోలో ఏసుకుని పోయారు. ఆ స్టీలు డ్రమ్ములో ఇప్పుడు వాళ్లింట్లో బియ్యం పోసుకుంటన్నారని వినికిడి. చెడిపోకండా వాడకంలో పెట్టడం కూడా సేవే గదా. కొత్త అధ్యక్షుల వారు ఎట్టా వచ్చారంటే, రొట్టెల పండక్కి నెల్లూరు పోయి స్వర్ణాల చెరువులో దిగి పదవి రొట్టె పట్టుకున్నారు. కోరిక తీరినోళ్లు మరుసటేడు వచ్చి అదే రొట్టె ఇంకొకరికి ఇవ్వాలని ఆనవాయితీ. ఈయన ఆ ఏడు నుంచి పండగ టైముకి సరిగ్గా తిరుపతి పోతన్నారు. ఇస్తే ఎవడో ఒకడు పట్టుకుంటాడు గదా.

పోతు ఈగల సంగతి ఎత్తకూడదు అనుకున్నా గాని తప్పడం లేదు. వాటికి కొండి లేదు, మేత తెచ్చే పని లేదు, తిని కూర్చుంటాయి. కరువు కాలం రాగానే కూలి ఈగలు వాటిని కాళ్లు పట్టి గుమ్మంలోంచి బయటికి ఈడ్చేస్తాయి. సీనియర్లకి ఇచ్చే మర్యాద ఇదా? మా దగ్గర వాళ్లని గౌరవ సలహాదారులు అంటాం, స్టేజీ మీద ముందు వరస కుర్చీలు వాళ్లయ్యే.

ఇంక మా ప్రధాన కార్యక్రమం, మే 20, ప్రపంచ తేనెటీగల దినోత్సవం. ఆంటన్ యాన్షా అని 18వ శతాబ్దంలో స్లొవేనియాలో పుట్టిన తేనెటీగల మాస్టారు ఉండేవాడు, ఆయన పేరు మీద ఐక్యరాజ్యసమితి పెట్టిన రోజు, 2018 నుంచి జరుగుతా ఉంది. వాళ్లకి మే అంటే పూలకాలం. మనకి మే అంటే రోహిణి కార్తె ముందు, రోడ్డు మీద కుక్క కూడా తిరగని టైము. మేత ఉండదు, పెంపకందారుడు చక్కెర పాకం కాచి పెట్టెల్లో పెడతా ఉంటాడు. లోపల పిల్లలకి 34, 35 డిగ్రీలు దాటకూడదని ఈగలు నీళ్లు మోసుకొచ్చి గదుల మీద చల్లి రెక్కలతో విసురుతా నానా చావు చస్తా ఉంటాయి. సరిగ్గా ఆ రోజు మేం ఏసీ ఫంక్షన్ హాల్లో వాటి శ్రమని కొనియాడతాం. పూలు దొరకవు కాబట్టి ప్లాస్టిక్ పూల బొకేలు. ఒక సభ్యుడు స్టేజీ పక్కన నమూనాగా నిజం పెట్టె పెడదాం అన్నాడు గాని ముఖ్య అతిథికి ఇబ్బంది అని ఒద్దన్నాం. ఫ్లెక్సీ మీద మాత్రం ఇంత లావు ఈగ బొమ్మ వేయించాం. అది ఈగ కాదు కందిరీగ అని ఆ సభ్యుడే మళ్లీ లేచి చెప్పాడు, ఆయన్ని వచ్చే ఏడు పిలవడం లేదు.

నాణ్యత విషయంలో మాత్రం మేం ఎవరికీ తీసిపోం. 2020 డిసెంబరులో ఢిల్లీలో సీఎస్‌ఈ అనే పర్యావరణ సంస్థ వాళ్లు 13 బ్రాండ్ల తేనె పరీక్షలు చేయిస్తే, అన్ని పరీక్షలూ గట్టెక్కింది 3 బ్రాండ్లు. ఒక పరీక్ష జర్మనీ ల్యాబులో చేయించాల్సి వచ్చింది. ఎందుకంటే చెరుకు చక్కెర, మొక్కజొన్న పాకం కలిపితే ఇక్కడి పాత పరీక్షలో దొరికిపోద్ది, బియ్యం పాకం కలిపితే అందులో దొరకదు. ఈ వార్త చదివి మా సంఘం వెంటనే నాణ్యతా కమిటీ వేసింది. జర్మనీ దాకా పోయే ఖర్చు లేకండా మన పెద్దోళ్లు చెప్పిన పరీక్ష ఉండనే ఉంది, అసలు తేనె కుక్క ముట్టదు. మా ఆఫీసు వీధిలో ఒక నల్ల కుక్క ఉంది, దాన్ని ఏకగ్రీవంగా ఎన్నుకున్నాం. మొదటి రోజు ఒక సభ్యుడి తేనె వాసన చూసి పక్కకి పోయింది, అసలు తేనె అని రాశాం. రెండో రోజు ఇంకో సభ్యుడిది, ఈయన పాపం పట్టు మీద గదులన్నీ మైనంతో మూతపడిందాకా ఆగి మరీ తీస్తాడు, తేమ 20 శాతం లోపు ఉంటే గాని అమ్మడు, ఆయన తేనె అది గిన్నెతో సహా నాకేసింది. కల్తీ అని రాశాం. ఆయన గొడవ. కుక్కకి ఆకలైతే ఏదైనా తింటుంది, కడుపు నిండితే ఏదీ తినదు, అది పరీక్ష ఎట్టా అయితది అంటాడు. అట్టాగే తేనె గడ్డ కట్టిందంటే చక్కెర కలిపినట్టే అని కమిటీ రాస్తే, అసలు తేనె కూడా చలికి గడ్డ కడతది, పూతని బట్టి కొన్ని తొందరగా కడతాయి అని ఇంకో వాదన. కమిటీ నిర్ణయం ఫైనల్. కుక్కకి మటుకు ఆ రోజు నుంచి మధ్యాహ్నం భోజనం ఖర్చు కింద బిల్లు పెడతన్నారు, ఎవరు తింటన్నారో తెలీదు.

ఈ మధ్య మీటింగులో ఒక సభ్యుడు సభా మర్యాద పాటించలా, అదొక్కటీ చెప్పాలి. మిరప తోటల పక్కన పెట్టెలు పెట్టుకున్నాయన. 2021-22లో మిరపకి నల్ల తామర పురుగు పట్టి రైతులు నిలువునా మునిగిన దగ్గర్నుంచి ఆ వైపు మందు వాడకం మామూలుగా లేదు, రైతుని మాత్రం ఏమంటాం, అప్పు తెచ్చి పెట్టిన పంట. ఈ సభ్యుడు అడిగేది కూడా పెద్ద కోరిక కాదంట. పూత మీద పొద్దున పూట కొట్టొద్దు, సాయంత్రం ఈగలు పెట్టెకి చేరినాక కొట్టండి, లేదా ముందురోజు ఒక ఫోన్ చేస్తే రాత్రికి రాత్రి పెట్టెలు మూసి వేరే చోటికి తోలుకుంటాను, సంఘం తరఫున నాలుగు ఊళ్లలో రైతులకి ఈ మాట చెప్పిద్దాం అంటాడు. ఇదే ముక్క ఎప్పట్నుంచో రాసిస్తన్నాడు, మేం కూడా ప్రతిసారీ అజెండాలో పెడతానే ఉన్నాం, 'ఇతర అంశాలు' కింద, టిఫిన్‌కి ముందు. అక్కడికి వచ్చేసరికి టైము అయిపోతుంది.

ఈసారి ఆయన అజెండా దాకా ఆగలా. క్యారీబ్యాగు నిండా చచ్చిన ఈగల్ని తెచ్చి తెల్ల టేబుల్ క్లాత్ మీద కుమ్మరించాడు. నాలుకలు బయటికొచ్చి పడున్నాయి. గుమ్మం ముందు చేటలతో ఎత్తిపోశాను అన్నాడు. అధ్యక్షుల వారు మైకు కొంచెం పక్కకి జరుపుకున్నారు. టేబుల్ క్లాత్ అద్దెది.

అప్పుడు కోశాధికారి లేచారు, పురుగుమందుల షాపు ఆయన. ఆయన మాట్లాడితే అన్నీ పాయింట్లే. ఒకటి, ఇవి మన సభ్యుల ఈగలే అని ఆధారం ఏంది, వేరే సంఘం ఈగలు కూడా అయ్యుండొచ్చు. రెండు, మందు డబ్బా మీద తేనెటీగలకి ప్రమాదం అని స్పష్టంగా రాసే అమ్ముతన్నాం, చదువుకోకపోతే ఎవరిది తప్పు? ఎవరు చదువుకోవాలో ఆయన చెప్పలా, మేం కూడా అడగలా, ఆ రోజు టిఫిన్ స్పాన్సర్ ఆయనే.

రాపూరు వైపు నిమ్మతోటల నుంచి వచ్చిన ఇంకో సభ్యుడు మధ్యలో లేచి, మా దగ్గర అసలు పెట్టెలే పెట్టనివ్వడం లేదు, మీ ఈగలు పూత రసం పీల్చేస్తే పిందె నిలబడదు అంటన్నారు, ఈగ వాలితేనే పిందె బాగా పడుతుందని సంఘం వచ్చి చెప్పాలి అన్నాడు. దానికి ఇప్పటికే ఒక ప్రతినిధి బృందాన్ని పంపాం అని కార్యదర్శి గుర్తు చేశారు. నిజమే, పోయినోళ్లు తలా ఒక బస్తా నిమ్మకాయలు తెచ్చుకున్నారు.

చర్చ చాలాసేపు జరిగింది. రైతులకి చెప్తే రైతులు నొచ్చుకుంటారు, షాపులకి చెప్తే కోశాధికారి నొచ్చుకుంటారు, ఆఫీసులకి రాద్దామంటే లెటర్‌హెడ్‌లో జిల్లా ఖాళీ. అన్ని వైపులా ఆలోచించి ఎవరి మనసూ నొప్పించకండా తీర్మానం చేశాం: పూత కాలంలో పొద్దున ఆరు నుంచి మధ్యాహ్నం పన్నెండు దాకా తేనెటీగలు పెట్టె దాటి బయటికి రాకూడదు, ఈ మేరకు ప్రతి పెట్టె గుమ్మం మీద నోటీసు అంటించాలి, ఆ తర్వాత జరిగే దేనికీ సంఘం బాధ్యత వహించదు. క్యారీబ్యాగు సభ్యుడు తప్ప అందరూ చప్పట్లు కొట్టారు. నోటీసు తెలుగులో ఉండాలా ఇంగ్లీషులో ఉండాలా అనే దాని మీద ఒక సబ్ కమిటీ వేశాం, అందులో రెండు ఖాళీలు ఉన్నాయి, పెట్టెలు లేనోళ్లకి ప్రాధాన్యం.